రిమార్కుల గడి

బూట్ల వర్క్‌షాపు,
కిటికీ పక్క బల్ల.
జనవరి 9

ఒరేయ్ మేధావీ,

నువ్వు పంపిన పలక అందింది. దాన్ని టాబ్లెట్ అనాలని నాకూ తెలుసు, అయినా పలకనే అంటాను. నున్నగా, బరువుగా బాగుంది. నిన్న రెండు అరికాలి అట్టలకి జిగురు పూసి, కదలకుండా దాని కింద పెట్టాను. పొద్దున తీసి చూస్తే ఒక్క బుడగ లేదు. మంచి వస్తువే పంపావు.

కోప్పడకు. దాంతో ఇంకేమీ చెయ్యను, నాకు నచ్చలేదు. రెండేళ్ళ కిందట కొనిచ్చిన ఫోనూ నచ్చలేదు, అది బీరువాలో పడుకుంది. "అందరూ మెసేజీలు పెట్టుకుంటుంటే మీ అక్కకి ఈ ఉత్తరాలేంటండీ" అని మరదలు నవ్విందట కదా. నవ్వమను. ఫోన్లో అయితే నువ్వు సగం వింటావు, మిగతా సగం ఇంకో తెర చూస్తుంటావు. ఉత్తరమైతే ఆఖరి ముక్క దాకా చదవక చస్తావా?

ఇది వర్క్‌షాపులో నా పాత కంప్యూటర్ మీదే కొడుతున్నాను. పదమూడేళ్ళు దానికి. ఆన్ చేసి, నేను బల్ల తుడిచి, దబ్బనాలు సర్ది, మంచినీళ్ళు తాగి వచ్చేసరికి మెల్లగా లేస్తుంది. కీబోర్డు మీద అక్షరాలు సగం అరిగిపోయాయి. అయితేనేం, వేలు పడితే పలుకుతుంది. అందులో వెయ్యిన్నూట అరవై మంది పాదాలున్నాయి. ఒక కాలు పొట్టివాళ్ళు, మడమ తిరిగినవాళ్ళు, వేళ్ళు పోయినవాళ్ళు, షుగరుతో స్పర్శ పోయినవాళ్ళు. కొలతలదేముంది, టేపున్న ప్రతివాడూ తీస్తాడు. కొలతల కింద రిమార్కుల గడి ఒకటుంది, అసలు సంగతంతా అందులో ఉంది. నాకు పని నేర్పిన మేస్త్రి చెప్పింది ఒకటే మాట: "ముందు మనిషిని మూడు చుట్లు నడిపించు. చూసింది చూసినట్టు రాసుకో. టేపు తర్వాత." మొదటి చుట్టు మొహమాటానికి నడుస్తారు. మూడో చుట్టుకి కాలు నిజం చెప్పేస్తుంది.

పుట్టుకతో నీ కుడికాలు ముప్పావంగుళం పొట్టి. నువ్వు బళ్ళో అందరికన్నా వెనక నడుస్తుంటే చూడలేక నేనీ పనిలోకొచ్చాను. నీ మొదటి బూటు నా మొదటి బూటు. ఆ సంగతి నీకు గుర్తు చెయ్యక్కర్లేదు.

నువ్వేమో ఏ ఆఫీసుకి ఏ కంప్యూటరు నప్పుతుందో చెప్పే పెద్దమనిషివయ్యావు. మొన్నామధ్య మీ కంపెనీ నుంచి మాకు నలభై రెండు ప్రశ్నల ఫారం వచ్చింది. స్పీడెంత, సైజెంత, రోజుకెన్ని గంటలు వాడతారు, చూపించిన నమూనా పరికరం మీద మీ అభిప్రాయం ఏమిటి. "నచ్చలేదు" అని రాసిచ్చాను. ఎందుకు నచ్చలేదని అడిగే ప్రశ్న అందులో లేదు.

అన్నట్టు, మా సంస్థ తొమ్మిది వర్క్‌షాపులకీ పలకలే కొంటుందని అనుకుంటున్నారు. ఎవరో సలహాదారులు చెప్పారట. ఆ మహానుభావులెవరో నీకేమైనా తెలుసా?

అక్క


ఆఫీసు, ఏడో అంతస్తు.
జనవరి 20

అక్కా,

నేను పంపిన టాబ్లెట్‌ని జిగురు అట్టల మీద బరువుగా వాడినవాళ్ళు ఈ ప్రపంచంలో నువ్వొక్కదానివే. మా ఆఫీసులో చెప్తే పడీపడీ నవ్వారు.

సరదా పక్కన పెట్టి ఒక మాట. నేను ఇన్నేళ్ళలో చూసింది ఇదే. నాలాంటివాళ్ళం పట్టిక గీసుకుని ఎంచుతాం: వేగం, మెమరీ, భద్రత, రేపు పాడైతే విడిభాగం దొరుకుతుందా, పదేళ్ళ తర్వాత ఈ కంపెనీ ఉంటుందా. మామూలు జనం పక్కింటివాళ్ళ చేతిలో ఏముందో చూసి కొంటారు. రంగు చూసి కొంటారు. కొందరు అసలు ఎంచుకోరు, అలవాటైందాన్ని పట్టుకుని వేలాడతారు. నువ్వు ఆ మూడో రకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే ఎలాగక్కా?

నీ కంప్యూటర్ ఏదో ఒక రోజు గుటుక్కుమంటుంది. ఆ రోజు నీ వెయ్యిన్నూట అరవై మంది పాదాలూ దాంతోపాటే పోతాయి. ఎక్కడైనా కాపీ తీసి పెట్టావా? తీసుండవు. నాకు తెలుసు.

బూట్లు బాగున్నాయి. నొప్పేమీ లేదు. మీ మరదలు అడిగానని చెప్పమంది. మీటింగుకి టైమైంది, ఉంటాను.

తమ్ముడు


బూట్ల వర్క్‌షాపు,
కిటికీ పక్క బల్ల.
ఫిబ్రవరి 6

అయ్యా సలహాదారుగారికి,

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలన్నా తడుముకుంటారు. నువ్వు అదీ చెయ్యలేదు. నేనడిగిన ప్రశ్నని మెత్తగా దాటేసి "మీటింగుకి టైమైంది" అన్నావు.

పలకలు వచ్చాయి. వాటితోపాటు ఒక నివేదిక కూడా వచ్చింది. మా సూపరింటెండెంటు ఒక పేజీ చదివి బల్ల మీద పడేశాడు. నేను పూర్తిగా చదివాను. ముప్పైమూడో పేజీ, పాదరక్షల విభాగం: "రిమార్కులు స్వేచ్ఛగా రాయనివ్వడం వల్ల సమాచారాన్ని పోల్చడం సాధ్యపడుట లేదు. ఎనిమిది ఎంపికల జాబితా సరిపోతుంది. తద్వారా కీబోర్డు అవసరం ఉండదు." కింద తయారు చేసినవారి సంతకం. నీకు ఆ సంతకం పెట్టడం నేర్పించింది నేనే, వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో.

ట్రైనర్ ఒకాయన వచ్చి మాకందరికీ అరచేతిలో వైకుంఠం చూపించాడు. ఇలా తాకితే అది తెరుచుకుంటుంది, అలా తోస్తే ఇది మూసుకుంటుంది. సరిగ్గా అప్పుడే పోస్టావిడ వచ్చింది. ఉత్తరాలు పంచే ఆవిడ, ఎడమకాలు పొట్టి. సైకిలు ఎప్పుడూ కుడివైపే దిగుతుంది, దిగినప్పుడల్లా కుడి బూటు ముక్కు నేలకి రాసుకుంటుంది. రోగమేమో ఎడమకాలికి, అరిగేదేమో కుడి బూటు. అందుకని కుడి ముక్కుకి రెండు పొరల తోలు వెయ్యాలి. పదేళ్ళుగా నా రిమార్కుల గడిలో ఉంది ఆ మాట. ట్రైనర్‌ని అడిగాను, "ఇది ఎక్కడ రాయాలి బాబూ" అని. ఎనిమిదింటినీ పైకీ కిందకీ తోసి తోసి, ఆఖరికి "ఇతరములు" నొక్కి ఊరుకున్నాడు. పోస్టావిడ "అంటే నేను ఇతరుల్లో కలిసిపోయానా అమ్మా?" అంది.

మార్చి ఒకటిన పరీక్షట. నలభై నిమిషాల్లో పలక మీద పది రికార్డులు ఎక్కించాలి. తప్పినవాళ్ళు ప్యాకింగ్ గదికి. అంటే ఇక నేను మనుషుల్ని నడిపించను, తోలు కొయ్యను, డబ్బాలకి దారం కడతాను. ఇరవై రెండేళ్ళు చేసిన పని, నీ ముప్పైమూడో పేజీలో మూడు వాక్యాలు.

నా కుర్చీ నేను వదలను. రాసిపెట్టుకో.

అక్క


ఆఫీసు, ఏడో అంతస్తు.
ఫిబ్రవరి 15

అక్కా,

తప్పు నాదే, ముందే చెప్పాల్సింది. చెప్తే ఇలా ఎగిరి పడతావనే చెప్పలేదు.

కానీ నువ్వు కూడా కాస్త ఆలోచించు. నేను రాసింది నీ ఒక్కదాని గురించి కాదు, తొమ్మిది వర్క్‌షాపుల గురించి. ఒకరు రిమార్కుల్లో వ్యాసం రాస్తారు, ఇంకొకరు "బాగుంది" అని రాస్తారు, ఒకాయన తన యూనియన్ మీటింగు ఎప్పుడో కూడా అందులోనే రాసుకున్నాడు. దాంతో ఎవరికేం ఉపయోగం? జాబితా ఉంటే ఏ ఊళ్ళో ఎంతమందికి ఏ ఇబ్బందో ఒక్క నొక్కుతో తెలుస్తుంది. అది చెడ్డ పనా?

ఒక్క వారం మనసుపెట్టి ప్రయత్నించు. చిన్నపిల్లలు కూడా రెండు రోజుల్లో నేర్చుకుంటున్నారు. నీకు రాకపోవడం కాదు, నువ్వు మొండికేస్తున్నావు. చిన్నప్పటి నుంచీ అంతే.

నా బూట్లకి ఏడాది దాటింది, వీలున్నప్పుడు కొత్తవి చెయ్యి. తొందరేం లేదు. నొప్పేమీ లేదు.

తమ్ముడు


ప్యాకింగ్ గది.
మార్చి 3

తమ్ముడూ,

పరీక్ష అయింది. పది రికార్డుల్లో ఒక్కటి ఎక్కించాను, అదీ సగం. "అభ్యర్థికి కంప్యూటర్ అవగాహన లేదు, నేర్చుకునే ఆసక్తి లేదు" అని రాసి నాచేత సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. "పెట్టకపోతే ఎలా?" అన్నాడు సూపరింటెండెంటు. "అబద్ధం కింద నా పేరు ఉండదు, మీరే పెట్టుకోండి" అన్నాను.

చిన్నపిల్లలు కూడా నేర్చుకుంటున్నారన్నావు. సంతోషం.

ఇక్కడ కిటికీ లేదు. డబ్బాలు మడుస్తున్నాను. పాత కంప్యూటర్‌ని ఈ నెల ముప్పై ఒకటిన పాత ఇనుము వాడికి ఇచ్చేస్తారట. నీ బూట్లు ఈసారి పలక చూసి ఇంకెవరో చేస్తారు. రాజీనామా చేస్తానని ఎదురుచూస్తున్నట్టున్నారు. గెంటితే వెళ్తాను గానీ నా కాళ్ళతో నేను గుమ్మం దాటను.

అక్క


ఇల్లు.
మార్చి 10

అక్కా,

నీ ఉత్తరం చేత్తో రాసుంది. ఇన్నేళ్ళలో నువ్వు నాకు చేత్తో రాసింది ఇదే మొదటిసారి. అది చూశాకే నిన్ను నిజంగానే అక్కణ్ణుంచి లేపేశారని నాకు అర్థమైంది. అంతకుముందు అది నాకు ఒక పేజీ నంబరే.

ట్రైనర్‌కి ఫోన్ చేశాను. నీమీద ఫిర్యాదులు వింటాననుకున్నాను. ఆయన ఇలా అన్నాడు: "పాపం ఆవిడకి ఏది ఎక్కడుందో అన్నీ తెలుసండీ. పక్కవాళ్ళకి కూడా నోటితో చెప్పి చేయించింది. తను మాత్రం తెరని పొడుస్తుంది, రుద్దుతుంది, ఒకే చోట ముప్పైసార్లు నొక్కుతుంది. ఏమైందండీ అంటే 'నాకిది నచ్చలేదు' అంటుంది."

నీ ఉత్తరం మళ్ళీ తీశాను. అడుగున ఎడమ మూల నీ బొటనవేలి సిరా మరక పడింది. దీపం కింద పెట్టి చూశాను. అందులో ఒక్క గీత కూడా లేదు. మరక నున్నగా ఉంది.

అక్కా, నీ వేళ్ళు ఆ తెరకి తెలియడం లేదు కదూ? ఫోన్ కూడా అందుకేనా? ఇరవై రెండేళ్ళ జిగురూ తోలూ దబ్బనమూ కలిసి వాటిని కాయ కట్టించాయి, గీతలు చెరిపేశాయి. నాకెందుకు చెప్పలేదు?

తమ్ముడు


ప్యాకింగ్ గది.
మార్చి 18

తమ్ముడూ,

అవును. తెరకి నా వేలు వేలులా కనపడదట. హాజరు మిషన్లో కూడా నా ముద్ర పడదు, రిజిస్టర్లో సంతకం పెడుతున్నాను నాలుగేళ్ళుగా. ఫోన్ కొనిచ్చిన రోజు "నచ్చిందా అక్కా" అని ఎంత మురిసిపోయావో గుర్తుందా? నీ పేరు నొక్కడానికి అరగంట తంటాలు పడ్డాను. నీ పేరు మీద ఒత్తీ ఒత్తీ ఏడుపొచ్చింది. తర్వాత బీరువాలో పెట్టేశాను.

ఎందుకు చెప్పలేదంటావా? చెప్తే ఏమంటారో నాకు తెలియదా? "పాపం, వేళ్ళు పనిచెయ్యవు" అంటారు. నా వేళ్ళు పనిచెయ్యకపోవడమేంట్రా! కళ్ళు మూసుకుని తోలు మీద రాస్తే ఎక్కడ పలచనో ఎక్కడ మందమో చెప్తాను. మీ ఏడో అంతస్తంతా కలిసి నా చిటికెన వేలు చేసే పని చెయ్యలేరు. పలకకి నా వేలు తెలియకపోతే ఆ లోపం పలకది. సంతకం పెట్టించుకోవాల్సింది దానిచేత. ఎద్దు పుండు కాకికేం నొప్పి అని ఊరుకున్నాను గానీ, ఇక ఊరుకోను.

ఇంకో పని చేశాను. నువ్వన్నట్టే కాపీ తియ్యలేదు నేను, ఒప్పుకుంటున్నాను, అది నా తలపొగరు. వరసగా నాలుగు రోజులు మధ్యాహ్నం అన్నం మానేసి, ఆ గంటలో నా పాత బల్ల దగ్గరికి వెళ్ళి వెయ్యిన్నూట అరవై మంది కొలతలూ రిమార్కులూ కాగితం మీద ప్రింటు తీశాను. ఆ ప్రింటర్ చప్పుడుకి వర్క్‌షాపంతా వచ్చి నిలబడింది. సూపరింటెండెంటు "ఎవరిని అడిగి?" అన్నాడు. "ముప్పై ఒకటి దాకా ఈ మిషను రిజిస్టర్లో నా పేరు మీదుంది, నన్నే అడుక్కున్నాను" అన్నాను. ఎవరో నవ్వారు. ఆయన వెళ్ళిపోయాడు. కట్ట మొత్తం నా డబ్బాల వెనక ఉంది. నన్ను దాటి తీసుకెళ్ళమను చూద్దాం.

నీ రికార్డు ముక్క చించి దీంతో పెడుతున్నాను. నీ పన్నెండో ఏట మేస్త్రి పాత పుస్తకంలో రాసిన మాటలవి, కంప్యూటర్ వచ్చాక నేనే ఎక్కించాను. చదువుకో.

అక్క

(జతచేసిన కాగితం ముక్క: "కుడికాలు పొట్టి, ముప్పావంగుళం. మూడో చుట్టులో మడమ మీద బరువు వెయ్యడు. అడిగితే నొప్పి లేదంటాడు. నమ్మొద్దు. మేజోడు విప్పించి చూడాలి.")


ఇల్లు.
ఏప్రిల్ 12

అక్కా,

ఆ ముక్క చదివి మేజోడు విప్పాను. మడమ దగ్గర పుండు పడి మూడు నెలలైంది. నేను ఉత్తరాల్లో నొప్పి లేదు, నొప్పి లేదు అని రాసినన్నాళ్ళూ అది ఉంది.

సెలవు పెట్టి తొమ్మిదింటిలో నాలుగు వర్క్‌షాపులు తిరిగాను. మీ దాంట్లోకి రాలేదు, నీ మొహం చూసే ధైర్యం అప్పటికి లేదు. ముప్పైఒక్క మంది పనివాళ్ళ చేతులు పట్టుకుని చూశాను. పదకొండుమంది వేళ్ళు తెరకి అందవు. ఆ పదకొండుమందీ మా ఫారంలో ఒకే ముక్క రాశారు: నచ్చలేదు. దాన్ని మేం ఏం చేశామో తెలుసా? "మార్పుకు వ్యతిరేకులు" అనే లెక్కలో వేశాం. వేసింది నేనే.

మా బాస్ దగ్గరికి వెళ్ళి, ముప్పైమూడో పేజీ తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. "ఒక్క ఆవిడ కోసమా?" అన్నాడు. "పదకొండుమంది, ఇంకా అయిదు వర్క్‌షాపులు చూడలేదు" అన్నాను. "నివేదిక ఇచ్చేశాక సంతకం వెనక్కి తీసుకోవడం మన పద్ధతి కాదు" అన్నాడు. "సంతకం నాకు నేర్పినావిడ అబద్ధం కింద తన పేరు పెట్టలేదు, నేనూ పెట్టను" అన్నాను. నన్ను ఆ పని నుంచి తప్పించారు. తప్పించేలోపు మీ డైరెక్టర్‌కి ఆ పదకొండు చేతుల ఫోటోలు నేనే తీసుకెళ్ళి చూపించాను. ఆయన వాటిని చూసి, తన చెయ్యి కూడా ఒకసారి చూసుకుని, మార్చడానికి ఒప్పుకున్నాడు. జాబితా ఉంటుంది, దాని కింద రిమార్కుల గడీ ఉంటుంది. ఎవరికి ఏ మిషను కావాలో వాళ్ళే వెళ్ళి, చేత్తో వాడి చూసి ఎంచుకోవచ్చు. పరీక్ష మళ్ళీ పెడతారు.

నీ పాత కంప్యూటర్‌ని మాత్రం ఆపలేకపోయాను. అది అప్పటికే వెళ్ళిపోయింది.

అక్కా, నాకు నొప్పిగా ఉంది. వచ్చే శనివారం వస్తున్నాను. మూడు చుట్లు నడుస్తాను.

తమ్ముడు


బూట్ల వర్క్‌షాపు,
కిటికీ పక్క బల్ల.
మే 5

ఒరేయ్ మేధావీ,

నువ్వు వచ్చి వెళ్ళాక జరిగినవి రాస్తున్నాను. మళ్ళీ పరీక్ష అన్నారు కదా, "రాస్తాను, ముందు ట్రైనర్‌గారు నా పరీక్ష రాయాలి" అన్నాను. ఆయన మంచివాడే, సరేనన్నాడు. పది వేళ్ళకీ జిగురు పూసి, ఆరనిచ్చి, పలక చేతికిచ్చి "మీ పేరు రాయండి బాబూ" అన్నాను. ఏడు సార్లు పొడిచాడు. ఎనిమిదోసారి ముక్కుతో ప్రయత్నించాడు. ఈసారి వర్క్‌షాపంతా దాచుకోకుండా నవ్వింది, ఆయనా నవ్వాడు. నాకు అవగాహన లేదని మార్చిలో రాసిన కాగితాన్ని సూపరింటెండెంటుని అడిగి తీసుకుని చింపేశాడు.

కొత్త మిషను నేనే ఎంచుకున్నాను. షాపుకి చేతులు కడుక్కోకుండా, పని మీద నుంచి అలాగే వెళ్ళాను. నున్నగా మెరిసేవన్నీ చూపించాడు షాపాయన. ఒక మూల లావుపాటిది, గట్టి మీటలది, నొక్కితే టక్కుమనేది ఒకటుంది. "అది ఎవరూ తీసుకోరు మేడం" అన్నాడు. "అందుకే నాకోసం మిగిలింది" అన్నాను. ఈ ఉత్తరం దానిమీదే. చేసిన పనికి కాపీ రోజూ దానంతటదే తీసి పెట్టుకుంటుంది. ఆ విషయంలో నువ్వు చెప్పింది నిజం. ఆ ఒక్క విషయంలోనే.

పోస్టావిడ కుడి బూటుకి రెండు పొరలు పడ్డాయి. ఇతరుల్లోంచి బయటపడ్డానంది. డబ్బాల వెనక కట్ట తీసి, రోజుకి ఇరవై మంది చొప్పున మళ్ళీ ఎక్కిస్తున్నాను. వెయ్యిన్నూట అరవై పూర్తవడానికి రెండు నెలలు పట్టొచ్చు. పట్టనీ, ఎక్కడికీ పోవడం లేదు నేను.

నీ బూట్లు ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను, మడమకి మెత్త ఎక్కువ పెట్టాను. అందరికన్నా ముందు నీ రికార్డే ఎక్కించాను. పాత మాటలు ఉన్నవి ఉన్నట్టే ఉంచి, కింద ఒక్క వాక్యం కలిపాను: "ఈసారి అడగకముందే నొప్పి ఉందని తనే చెప్పాడు. ఇక నమ్మొచ్చు."

అక్క